పిలకలలో నిలిచిన చేమంతి

సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మ తలపై పసుపుపచ్చని చేమంతి లేకపోతే ముంగిలికి ఏదో లోటు కనిపిస్తుంది. మార్గశిర పుష్య మాసాలలో దేవుని గదిలోను, ఆడపడుచుల జడలలోను, అంగడి బుట్టలలోను ఈ పువ్వుదే పెత్తనం. ఇంతగా మన ఇంటిదైపోయిన మొక్క ఎక్కడ పుట్టినది, ఎవరి చేతుల మీదుగా పెరిగినది అన్న ప్రశ్న మనకు సాధారణంగా తోచదు. పండుగ వెళ్ళగానే వాడిన మొక్కను పెరికి పారవేస్తాము. మరుసటి ఏడు మరొకటి కొంటాము. కాని చేమంతి ఏడాదితో తీరిపోయే మొక్క కాదు. పూసిన కొమ్మ ఎండినా నేలలో మొదలు బ్రతికే ఉంటుంది. ఆ మొదలును ఎవరు కాపాడినారు, ఎవరు కాపాడలేకపోయినారు అన్నదే చేమంతి చరిత్ర.

ఒక పువ్వును విప్పి చూడండి. మనము రేకు అనుకొనేది నిజానికి రేకు కాదు, ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వు. నడుమ గొట్టాల వంటి చిన్న పువ్వులు, అంచున నాలుకల వంటి పొడుగు పువ్వులు. ఇవన్నీ ఒకే దిమ్మె మీద కొలువు తీరి, చూచేవారికి ఒక్క పువ్వుగా కనిపిస్తాయి. పొద్దుతిరుగుడు, బంతి, దారి పక్కన మొలిచే గడ్డిచేమంతి, అన్నీ ఈ కుటుంబంలోవే. అడవి చేమంతికి అంచున ఒక్క వరుస మాత్రమే ఉంటుంది. వరుసలు ఎక్కువైన మొక్కలను ఏరి పెంచుతూ వచ్చినందువల్ల ముద్దచేమంతి ఏర్పడినది. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ముద్దపువ్వు విత్తనం వేస్తే వచ్చే మొక్క తల్లిని పోలి ఉంటుందన్న నమ్మకం లేదు. మొదట్లో వచ్చే పిలకను వేరుచేసి నాటితే మాత్రం అదే పువ్వు తిరిగి పూస్తుంది. విత్తనం బిడ్డ అయితే పిలక తల్లే. కనుక మనకు నచ్చిన ఒక రకం నూరేళ్ళు నిలిచినదంటే, నూరు వేసవులలోను ఎవరో ఒకరు దానికి నీరు పోసినారన్న మాట.

ఈ పని మొదట చేసినవారు చీనా దేశీయులు. వారి ప్రాచీన ఆచారగ్రంథం ‘లీజీ’లోని మాసక్రమం, శరత్తు చివరి నెలను గుర్తించటానికి పసుపు చేమంతి పూయటాన్ని ఒక లక్షణంగా చెప్పినది. అంటే పువ్వును తోటలోనికి తెచ్చుకొనక ముందే పంచాంగంలోనికి తెచ్చుకొన్నారు. తొమ్మిదవ నెల తొమ్మిదవ నాటి పండుగలో చేమంతి వేసి తీసిన మద్యం దీర్ఘాయువు నిస్తుందని వారి విశ్వాసం. 405లో చిన్న అధికారపదవిని వదలి పల్లెకు వెళ్ళిపోయిన కవి తావో యువాన్‌మింగ్ కంచె పక్కన చేమంతులు పెంచుకొన్నాడు. అప్పటినుండి, మిగిలిన పూలు రాలిపోయే చలిలో విచ్చుకొనే ఈ పువ్వు, కొలువును కాదన్న పెద్దమనిషికి సంకేతమైనది.

కవి ప్రేమ ఒకటి, తోటమాలి లెక్క ఒకటి. 1104లో ల్యూ మెంగ్ అనే ఆయన చేమంతుల మీదనే ఒక గ్రంథం వ్రాసి సుమారు 35 రకాలను వర్ణించినాడు. ఒక్క చేమంతి కోసమే వెలసిన గ్రంథాలలో తొలిదిగా దానిని లెక్కిస్తారు. రకాలను వరుసలో పెట్టినప్పుడు ఆయన పసుపుకు అగ్రస్థానం ఇచ్చినాడు. చీనావారి భావనలో పసుపు భూమి రంగు, నాలుగు దిక్కుల నడుమ నిలిచిన రంగు. తెలుపు, ఎరుపు ఎన్ని వచ్చినా అసలు చేమంతి పసుపుదేనని వారి తీర్పు. పచ్చని పసుపును శుభమని గడపకు రాసే మనకు ఆ తీర్పు వింతగా తోచదు.

చీనా నుండి ఈ మొక్క జపానుకు చేరి అక్కడ రాజలాంఛనమైనది. 12వ శతాబ్ది చివర ఏలిన గో-తోబా చక్రవర్తికి ఇది ప్రియమైన చిహ్నం. పదహారు రేకుల చేమంతి నేటికీ ఆ రాజవంశపు ముద్ర.

ఐరోపాకు చేరిన కథ ఇంత సాఫీగా జరుగలేదు. 17వ శతాబ్ది చివర హాలెండు తోటలలో చేమంతి ఉన్నట్లు వ్రాతలున్నవి. తరువాత అది అక్కడ కనిపించకుండా పోయినది. 1764లో లండన్ నగరపు చెల్సీ మందుమొక్కల తోటకు మరల వచ్చినది. ఆ మొక్క కూడా నిలువలేదు. 1789లో బ్లాంకార్ అనే మార్సేల్స్ వర్తకుడు చీనా నుండి మూడు రకాలు తెప్పించినాడు. వాటిలో రెండు చనిపోయి ఊదారంగుది ఒక్కటే మిగిలినది. ఆ ఒక్కదాని పిలకలే చేతులు మారి ఫ్రాన్సు, ఇంగ్లండు తోటలకు ప్రాకినవి. అక్కడి చలికి విత్తనం పండేది కాదు గనుక కొత్త రకాలకు దారి లేకపోయినది. 1827 ప్రాంతంలో తులూజ్ నగరంలో బెర్నే అనే విశ్రాంత సైనికోద్యోగి విత్తనం పండించి, నాటి, కొత్త మొక్కలు లేపినాడు. 1846లో రాబర్ట్ ఫార్చ్యూన్ చీనాలోని చూసాన్ దీవి నుండి తెచ్చిన బుల్లి చేమంతి, గుండీల వంటి చిన్నపూల రకాలకు మూలమైనది. అరువదేళ్ళు కాకముందే ఒక్క మొక్క వంద రూపాలైనది. మిగిలిన ఆ ఒక్కటి కూడా ఎండిపోయి ఉంటే ఎన్నేళ్ళు ఆలస్యమై ఉండేదో!

పేరు సంగతి కూడా చెప్పుకోవలెను. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి క్రిసాంథిమమ్ ఇండికమ్ అని నామకరణం చేసినాడు. మొదటి మాటకు గ్రీకులో బంగారు పువ్వు అని అర్థం. రెండవ మాటకు ఇండియాది అని అర్థం. మొక్క పుట్టిల్లు తూర్పు ఆసియా. ఆనాటి ఐరోపావారికి తూర్పున ఉన్నదంతా ఇండియాయే గనుక మనకు ఈ గౌరవం అయాచితంగా దక్కినది. 20వ శతాబ్దిలో తోట చేమంతిని డెండ్రాంథిమా అనే వేరు ప్రజాతికి మార్చినారు. పేరు మారేసరికి తోటమాలులు చిన్నబుచ్చుకొన్నారు. 1999లో నామకరణ నియమాల ప్రకారం బంగారు పువ్వు పేరు తిరిగి దానికే దక్కినది.

మన దేశంలో దక్షిణాదిన, మరాఠీ సీమలో దీనికి దాదాపు ఒకే పేరు. మనకు చేమంతి, చామంతి, కన్నడిగులకు సేవంతిగె, మహారాష్ట్రులకు శేవంతి, తమిళులకు సామంతి. ఉత్తరాది గుల్‌దావూదీ వేరే త్రోవ. పేరుతోపాటు పిలకలు కూడా పొరుగు నుండి పొరుగుకు నడిచినవి. తెలంగాణలో బతుకమ్మ వరుసలలో తంగేడు, గునుగుల సరసన ఇది చేరినది. గోదావరి తీరాన కడియపులంక పూల అంగడిలో నేడు చేమంతి బుట్టలు కుప్పలుగా దిగుతున్నవి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ అనేకమైన కొత్త రకాలు రూపొందించినది. అయినా మన పెరళ్ళకు ఎక్కువ భాగం చేమంతి వచ్చినది శాస్త్రసంస్థల నుండి కాదు; చెంగు చాటున మట్టిపెళ్ళతో పిలక తెచ్చుకొన్న ఆడబిడ్డల వల్ల.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుతాను. మా నాయనమ్మ పల్లెలో బావి పక్కన చేమంతి పెంచేది. కార్తికంలో మొగ్గ, మార్గశిరంలో పువ్వు, ఏ ఏడూ తప్పేది కాదు. ఆ పిలకనే తెచ్చి నేను పట్నంలో మా వసారా మెట్టు మీద కుండీలో పెట్టినాను. ఆకు దట్టంగా వచ్చినది, కొమ్మలు వచ్చినవి. పుష్యమాసం వెళ్ళిపోయినా మొగ్గ మాత్రం రాలేదు. ఎరువు మార్చినాను, మట్టి మార్చినాను. తరువాత చదువగా తెలిసినది, దోషం మొక్కది కాదు, రాత్రి తెల్లవార్లూ వెలిగే మా వసారా దీపానిదని.

1920లో అమెరికాలో గార్నర్, అలర్డ్ అనే శాస్త్రజ్ఞులు, ఎంత పెరిగినా పొలంలో పూయని ఒక పొగాకు రకాన్ని రోజూ సాయంకాలం ముందే చీకటి గదిలో పెట్టి పూయించినారు. మొక్కలు పగటి నిడివిని కొలుస్తాయని ఆ విధంగా బయటపడినది. పొద్దు కురుచ అయినప్పుడు పూసే వర్గంలో చేమంతి ముఖ్యమైనది. ఆ కొలత తీసుకొనేది మొగ్గ కాదు, ఆకు అని 1930ల నడుమ రష్యాలో ఛైలఖ్యాన్ చేమంతి మీదనే ప్రయోగాలు చేసి చూపినాడు. ఆకు నుండి కొనకు ఏదో సందేశం వెళ్ళుతున్నదని ఊహించినాడు. 2007లో వరి మీద, ఆవ కుటుంబపు ఒక చిన్న మొక్క మీద పనిచేసినవారు ఆ సందేశం ఒక మాంసకృత్తు అని నిరూపించినారు. 1938లో హామ్నర్, బానర్ మరొక మెలిక విప్పినారు. చేమంతికి చుట్టమైన మరులమాతంగి మొక్కకు సుదీర్ఘమైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపం చూపితే చాలు, పూత ఆగిపోయినది. అంటే మొక్క లెక్కించేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. విజయవాడలో అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటలు, అతి స్వల్పమైనది 11 గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడాను, దానితోపాటు తగ్గే వేడిమిని చేమంతి పట్టుకొంటున్నది. దక్షిణాదిన కొందరు రైతులు రాత్రిపూట పొలంలో దీపాలు వెలిగించి పూతను కోరిన నెలకు జరుపుకొంటున్నారు. నేను తెలియక చేసిన పనిని వారు తెలిసి చేస్తున్నారు. మరుసటి ఏడు కుండీని పెరటి చీకటికి మార్చినాను. కార్తికంలోనే మొగ్గలు తొడిగినది.

పెంపకం కష్టమైనది కాదు. పూత ముగిసిన తరువాత కొమ్మలను బెత్తెడు మొదలు విడిచి కత్తిరించవలెను. వేసవి అంతా మధ్యాహ్నపు ఎండ తగులని చోట ఉంచి, మట్టి ఎండిపోకుండా కొద్దికొద్దిగా నీరు పోయవలెను. చాలామంది ఓపిక తప్పేది, మొక్క పోయేది ఈ నాలుగు నెలలలోనే. తొలకరి పడగానే వేరుతో ఉన్న పిలకలను విడదీసి, మాగిన పశువుల ఎరువు కలిపిన ఇసుక పాలు మట్టిలో అడుగు దూరాన నాటవలెను. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది గనుక మడి ఎత్తుగా ఉండవలెను. నెల నాటికి తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, మరొకసారి తుంచవచ్చును. శ్రావణం దాటిన తరువాత మాత్రం తుంచరాదు. పేనుబంక కనిపిస్తే వేపనూనె కలిపిన నీరు చల్లవలెను. కొమ్మ వాలకుండా వెదురు పుల్ల ఆసరా ఇవ్వవలెను. భాద్రపదం నుండి రాత్రి దీపం దాని మీద పడకుండా చూడవలెను.

ఈ సంక్రాంతికి మీ ఇంటికి వచ్చే పసుపు చేమంతిని పండుగ మరునాడు పెరికివేయకండి. మూడు మొక్కలలో ఒకటి మాత్రమే బ్రతికినందువల్ల ఒక ఖండంలో చేమంతి నిలిచినది. బావి పక్కన మా నాయనమ్మ మడి ఈనాడు లేదు, ఆ బావీ పూడిపోయినది. ఆ పువ్వు ఉన్నది. మొన్నటి తొలకరికి దాని పిలకలు నాలుగు మా పొరుగిళ్ళకు వెళ్ళినవి. రేపటి వేసవిలో నా కుండీ ఎండినా ఇక బెంగ లేదు.