తుపాకీ లైసెన్సు – గీతకు అవతలి మనుషులు



మొన్న హాస్టల్ మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నోళ్ళు తుపాకీ పెట్టుకోవచ్చా?” పెట్టుకోవచ్చు, ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. స్టూడెంట్ వీసా, హెచ్‌1బి వాళ్ళకి మాత్రం వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే తుపాకీ దగ్గరుంటేనే నేరం. నాకు తుపాకుల మీద మోజు లేదు. కానీ ఆ “పెట్టుకోవచ్చు” వెనక చాలా కథ ఉంది.

1857, డ్రెడ్ స్కాట్ తీర్పు. నల్లవాళ్ళు పౌరులు కాలేరని రాస్తూ చీఫ్ జస్టిస్ టానీ తన భయం కూడా బయటపెట్టాడు: పౌరులని ఒప్పుకుంటే వాళ్ళు ఎక్కడికెళ్ళినా ఆయుధం పట్టుకుని తిరుగుతారు కదా అని! అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే మిసిసిపీ, లైసెన్సు లేకుండా నల్లవాళ్ళు తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది.

తర్వాత వంతు వలస కూలీలది. పౌరులు కాని వలసవాళ్ళకు రైఫిల్, షాట్‌గన్ ఉండకూడదని 1909లో పెన్సిల్వేనియా చట్టం. ఇటలీ నుంచి వచ్చిన పాట్సోన్ కోర్టుకెక్కితే, 1914లో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది.

ఇక 1923. ఇది మనం బాగా తెలుసుకోవాల్సిన ఏడాది. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. పౌరసత్వం కోసం ఆయన తరఫున పెట్టిన వాదన చూడండి: మేం ఆర్యులం, అగ్రకులం, తెల్లవాళ్ళు నల్లవాళ్ళను ఎలా దూరం పెడతారో కింది వాళ్ళను పెళ్ళి విషయంలో మేమూ అలాగే దూరం పెడతాం! సముద్రం దాటినా కులాన్నే సర్టిఫికెట్టుగా చూపించారు. అదీ చెల్లలేదు. భారతీయులు “తెల్లవాళ్ళు” కారని ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా, పౌరులు కానివాళ్ళ దగ్గర పిస్టల్ ఉండకూడదంది. అంటే అక్కడి భారతీయుడికి ముందు పౌరసత్వం రాదు, అది లేదు కాబట్టి పిస్టలూ ఉండదు. ఆ చట్టంలో అతని పక్కన నిలబెట్టింది శిక్షపడ్డ నేరస్థుల్ని. పౌరసత్వం తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు.

పౌరుడైనంత మాత్రాన దక్కిందా అంటే అదీ లేదు. 1956లో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ పర్మిట్ అడిగితే అలబామాలో ఇవ్వలేదు.

కాలిఫోర్నియా నిషేధాన్ని 1972లో అక్కడి కోర్టే కొట్టేసింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు లైసెన్సు నిరాకరించడం చెల్లదని మసాచుసెట్స్‌లో ఫెడరల్ కోర్టు చెప్పడానికి 2012 దాకా పట్టింది.

మన దగ్గర 1878 ఆయుధాల చట్టం యూరోపియన్లను వదిలేసి, లైసెన్సు మాత్రం మనల్ని అడిగింది. అది వచ్చే భాగంలో.