ఆధిమోచనం నుండి ముందస్తు చెల్లింపు రుసుము వరకు: ఓరుగల్లు నేపథ్యంలో ఒక పరిశీలన

తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మదలచిన గృహస్థుడు గడువుకు ముందే అప్పు తీర్చవచ్చునా? తీర్చే ఆ స్వేచ్ఛకు వెల కట్టే అధికారం ఋణదాతకు ఉన్నదా? హనుమకొండ, కాజీపేట ప్రాంతాలలో బ్యాంకు ఋణంతో కొన్న ఇళ్లు చేతులు మారేటప్పుడు తలెత్తే ఈ ప్రశ్న చాలా పాతది.

యాజ్ఞవల్క్య స్మృతి తాకట్టును 'ఆధి' అంటుంది. సొమ్ముతో వచ్చిన ఋణగ్రస్తునికి ఆధిని విడిచిపెట్టని ఋణదాతను దొంగతో సమానంగా ఎంచుతుంది. ఋణదాత ఊరిలో లేకుంటే సొమ్మును అతని కుటుంబం వారికి అప్పగించి ఆధిని తీసుకోవచ్చునని కూడా చెబుతుంది. ఋణదాత అందుబాటులో లేని వేళ ఆధిని అమ్మి అప్పు తీర్చదలచినవాని సంగతిని మితాక్షర వ్యాఖ్యలో విజ్ఞానేశ్వరుడు ప్రత్యేకంగా ఎత్తుకొన్నాడు. అప్పటికి దాని విలువ నిర్ణయించి అక్కడే ఉంచితే, ఆపైన వడ్డీ పెరగదు. విజ్ఞానేశ్వరుడు ఆరవ విక్రమాదిత్యుని కాలంలో కల్యాణి ఆస్థానానికి చెందినవాడు. హనుమకొండ కాకతీయులు ఆనాడు ఆ చాళుక్యులకే సామంతులు. 13వ శతాబ్దిలో తిక్కన శిష్యుడైన కేతన 'విజ్ఞానేశ్వరీయం' రచించి ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చాడు. అయితే శాస్త్రం చెప్పినదంతా ఓరుగల్లు అంగడిలో జరిగిందని భావించడం తొందరపాటు.

నిజాం పాలనలో తనఖా, రెహన్, గిర్వి, మియాద్ వంటి పారసీ, అరబీ మూలాల పదాలు దస్తావేజుల భాషలో స్థిరపడ్డాయి. వీటిలో 'మియాద్', అనగా గడువు, ఇక్కడ కీలకం. బ్రిటిష్ ఇండియాలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 60వ సెక్షను తాకట్టు విడిపించుకొనే హక్కును గుర్తించింది. కాని ఆ హక్కు అసలు చెల్లించవలసిన గడువు వచ్చిన తరువాతనే పుడుతుంది. ఎనభై అయిదేళ్ల గడువు గల ఒక అజ్మీరు తాకట్టు విషయంలో, గడువు దీర్ఘమైనంత మాత్రాన అది విమోచన హక్కుకు సంకెల కాదని 1958లో సుప్రీంకోర్టు తేల్చింది. స్మృతికారుని దృష్టి ఋణగ్రస్తుడు తెచ్చిన సొమ్ముపై ఉండగా, ఆధునిక చట్టం దృష్టి ఒప్పందపు తేదీపై నిలిచింది. ముందస్తు చెల్లింపు రుసుముకు చోటు దొరికింది ఈ అంతరంలోనే.

రుసుము వెనుక ఋణదాత వాదన నిరాధారం కాదు. స్థిర వడ్డీపై దీర్ఘకాలానికి నిధులు సమకూర్చిన సంస్థ, మార్కెట్ వడ్డీ తగ్గిన వేళ అప్పు తీరిపోతే నష్టపోతుంది. బ్రిటన్‌లో స్థిర వడ్డీ సాధారణంగా రెండు నుండి అయిదేళ్లకే పరిమితం. ఇల్లు మారేవారికి ఋణాన్ని కొత్త ఇంటికి బదలాయించుకొనే వెసులుబాటు పలు సంస్థలు కల్పిస్తాయి. చర వడ్డీకి మాత్రం ఈ వాదన నిలవదు, మార్కెట్ భారం ముందే ఋణగ్రస్తునిపై ఉంటుంది గనుక. అయినా 2010 డిసెంబరులో భారత పోటీ కమిషన్ మెజారిటీ సభ్యులు ఈ రుసుములను పోటీకి విరుద్ధమని అంగీకరించలేదు. మార్పు నియంత్రణ సంస్థల నుండి వచ్చింది. 2011 అక్టోబరులో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు గృహఋణ సంస్థల చర వడ్డీ ఋణాలపై రుసుమును తొలగించింది. స్థిర వడ్డీ ఋణాన్ని సొంత వనరులతో తీర్చినా రుసుము వద్దన్నది. అమ్మకపు సొమ్ము విక్రేత చేసిన అప్పు కాదు గనుక దానిని సొంత వనరుగానే పరిగణించడం సమంజసం. దామోదరన్ కమిటీ సిఫారసు అనంతరం 2012 జూన్‌లో రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకుల చర వడ్డీ గృహఋణాలకు ఇదే నిషేధం విధించింది. 2025 జూలైలో వెలువడి, 2026 జనవరి 1 నుండి మంజూరయ్యే ఋణాలకు వర్తించే ఆదేశాలు కూడా ప్రధానంగా చర వడ్డీకే సంబంధించినవి.

కాబట్టి 30 లక్షల స్థిర వడ్డీ బకాయిపై ఒప్పందంలో 2 శాతం రుసుము ఉంటే విక్రేత 60 వేలు అదనంగా కట్టాలి. కొనుగోలుదారు బ్యాంకు సొమ్ము విక్రేత బ్యాంకుకు చేరి, బేబాకీ పత్రం వెలువడి, అసలు దస్తావేజులు బయటికి వచ్చేదాకా క్రయం కొలిక్కి రాదు. ఈ చివరి మెట్టు విషయంలో రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక నియమం చేసింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. జాప్యానికి సంస్థే కారణమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. స్మృతికారుడు దొంగ అన్న ఋణదాతకు ఇప్పుడు పడే దండుగ ఇది.