స్ప్రింగు ఎయిర్ రైఫిల్ శబ్దం

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ అనేది ఉక్కు స్ప్రింగు శక్తితో గాలిని సంపీడనం చేసి, ఆ గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్‌ను ప్రయోగించే తుపాకీ. దీనిని పేల్చినప్పుడు కొంత శబ్దం రావడం సహజం. అయితే స్ప్రింగు మోత, లోహపు దెబ్బ, పెద్ద పేలుడు వంటి అదనపు శబ్దాలు తుపాకీలోని ఏదో ఒక లోపాన్ని సూచిస్తాయి. కారణం తెలుసుకోకుండా నూనె పోసి శబ్దాన్ని అణచడానికి ప్రయత్నిస్తే తుపాకీ పాడవడమే గాక ప్రమాదం కూడా కలుగవచ్చు.

== పనిచేసే విధానం ==

తుపాకీని ఎక్కుపెట్టినప్పుడు పిస్టన్ వెనుకకు జరిగి, దాని వెనుక ఉన్న స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను వేగంగా ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి కుంచించుకుని, వేడెక్కి, ఒక సన్నని రంధ్రం గుండా పెల్లెట్ వెనుకకు చేరుతుంది. పిస్టన్ సిలిండర్ చివరకు చేరే సమయంలో అక్కడ మిగిలిన గాలి మెత్తవలె పనిచేసి దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఈ గాలిమెత్త సరిగా ఏర్పడకపోతే పిస్టన్ నేరుగా లోహానికి తగులుతుంది.

== శబ్దాలు - కారణాలు ==

* '''స్ప్రింగు మోత:''' పేల్చిన తరువాత కూడా క్షణకాలం వినిపించే టంగుమనే ధ్వని. స్ప్రింగు లోపలి గైడు వదులుగా ఉండడం, స్ప్రింగు వంగిపోవడం, దానికి గ్రీజు లేకపోవడం దీనికి ముఖ్య కారణాలు.
* '''లోహపు దెబ్బ:''' పిస్టన్ సిలిండర్ చివర గట్టిగా తగలడం వలన వచ్చే పొడి చప్పుడు. మరీ తేలికైన లేదా వదులుగా కూర్చునే పెల్లెట్, అరిగిన పిస్టన్ సీలు, గొట్టం మొదట్లో ఉండే సీలు గుండా గాలి కారడం దీనికి కారణాలు. పెల్లెట్ లేకుండా పేల్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.
* '''డీజిలింగ్:''' సిలిండర్‌లోని నూనె సంపీడనపు వేడికి అంటుకోవడం. డీజిల్ ఇంజను పనిచేసే సూత్రమూ ఇదే. పెద్ద పేలుడు, పొగ, మాడిన వాసన దీని గుర్తులు.
* '''అతిధ్వని చప్పుడు:''' పెల్లెట్ వేగం ధ్వని వేగాన్ని (20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు) మించినప్పుడు వచ్చే కొరడా దెబ్బ వంటి శబ్దం.
* '''కిర్రుమనే ధ్వని:''' ఎక్కుపెట్టేటప్పుడు మాత్రమే వినిపిస్తుంది. కీలు వద్ద గాని, స్ప్రింగు వద్ద గాని కందెన లేకపోవడం దీనికి కారణం.

ఇంగ్లండుకు చెందిన కార్డ్యూ తండ్రీకొడుకులు ఒక స్ప్రింగు రైఫిల్‌ను గాలికి బదులు నత్రజనిలో పేల్చి చూడగా పెల్లెట్ వేగం బాగా తగ్గింది. దహనానికి కావలసిన ఆక్సిజన్ అందకపోవడమే దీనికి కారణమని వారు వివరించారు. కనుక మామూలు స్థితిలో కూడా కందెన కొద్దిగా మండడం ఉన్నదే. అది అదుపు తప్పి పేలుడుగా మారినప్పుడే హాని కలుగుతుంది.

== నిర్ధారణ ==

తుపాకీని విప్పకుండా చేయగల పరీక్షలను ముందుగా చేయడం మంచిది. ప్రతి పరీక్షలోనూ పెల్లెట్ ఉంచి, సురక్షితమైన లక్ష్యం వైపే పేల్చవలసి ఉంటుంది.

# కొయ్య స్టాకును పట్టి ఉంచే మరచీలలను బిగించాలి. ప్రతిసారీ ముందుకు, వెనుకకు కుదుపు ఉండడం వలన ఇవి తరచుగా వదులవుతాయి.
# తుపాకీ వెనుక కొద్ది దూరంలో మరొకరిని నిలబెట్టి వినమని చెప్పాలి. కాల్చే వ్యక్తి చెంప స్టాకుకు ఆనుకుని ఉంటుంది గనుక, ఎముకల ద్వారా కూడా ధ్వని చేరి స్ప్రింగు మోత అతనికి ఎక్కువగా వినిపిస్తుంది. పక్కవారికి అది లేశమాత్రంగానే వినిపించవచ్చు.
# కొంచెం బరువైన, గొట్టంలో బిగువుగా కూర్చునే పెల్లెట్లను వాడి చూడాలి. లోహపు దెబ్బ తగ్గితే లోపం పెల్లెట్‌దేనని భావించవచ్చు.
# గొట్టం సిలిండర్‌ను కలిసే చోట పలుచని కాగితపు ముక్కను ఉంచి పేల్చాలి. కాగితం ఎగిరితే అక్కడ గాలి కారుతున్నట్లు తెలుస్తుంది.
# వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే పది గుళ్ళ వేగాలను వ్రాసుకోవాలి. వేగం బాగా తగ్గితే సీలు అరగడమో, స్ప్రింగు విరగడమో జరిగి ఉండవచ్చు. ఒక్కొక్క గుండుకు వేగం విపరీతంగా మారుతూ, పొగ కూడా వస్తే డీజిలింగ్ అని అనుమానించాలి.

== తగ్గించే పద్ధతులు ==

స్ప్రింగు మోతకు సరైన చికిత్స బిగువుగా సరిపోయే గైడును అమర్చడం. నైలాన్ లేదా డెల్రిన్‌తో చేసిన గైడు స్ప్రింగు చుట్ల లోపలి వైపును నిండుగా ఆనుకుని ప్రకంపనాలను అణచుతుంది. వంగిన స్ప్రింగును మార్చవలసినదే. స్ప్రింగు మీద చిక్కని గ్రీజును పలుచగా పూయడం వలన కూడా మోత తగ్గుతుంది. గ్రీజు ఎక్కువైతే పిస్టన్ మందగించి పెల్లెట్ వేగం పడిపోతుంది. పిస్టన్ పక్కలకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన కందెనను కొద్దిగా వాడతారు.

డీజిలింగ్ ఉన్నట్లయితే అదనపు నూనెను తుడిచివేయాలి. గాలి రంధ్రంలో పెట్రోలియం నూనెలు ఎన్నడూ వేయరాదు. వాటి పేలుడు వలన సీలు కాలిపోవడం, స్ప్రింగు విరగడం జరుగుతుంది. పాత తుపాకులలోని తోలు సీలు ఎండిపోకుండా అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు తగిన నూనె వేయవలసి ఉంటుంది. పాలియురేథేన్ వంటి కృత్రిమ సీలుకు ఈ అవసరం ఉండదు.

కొన్ని రైఫిళ్ళలో ఉక్కు స్ప్రింగుకు బదులు వాయువు నింపిన గ్యాస్ ర్యామ్ ఉంటుంది. ఇంగ్లండుకు చెందిన థియోబెన్ సంస్థ 1980లలో దీనిని ప్రచారంలోకి తెచ్చింది. చుట్టలు లేనందువలన దీనిలో మోత ఉండదు.

గొట్టం కొనకు తగిలించే శబ్ద నిరోధకాలు గాలి చప్పుడును మాత్రమే తగ్గిస్తాయి. స్ప్రింగు మోతను గాని, పిస్టన్ దెబ్బను గాని అవి తగ్గించలేవు. పలు దేశాలలో వీటిపై ప్రత్యేక చట్టాలున్నాయి.

== జాగ్రత్తలు ==

* ఎక్కుపెట్టని తుపాకీలో కూడా స్ప్రింగు కొంత నొక్కబడే ఉంటుంది. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పితే భాగాలు ఎగిరి ముఖానికి తగలవచ్చు. కళ్ళద్దాలు తప్పనిసరి. అనుభవం లేనివారు పనివానికి అప్పగించడం మేలు.
* ఎక్కుపెట్టిన తుపాకీలో పెల్లెట్ పెట్టేటప్పుడు గొట్టాన్ని ఒక చేతితో గట్టిగా పట్టుకోవాలి. పట్టు జారితే వేళ్ళు నలుగుతాయి.
* మరమ్మతు పేరుతో శక్తిని పెంచడం చట్టవిరుద్ధం కావచ్చు. ఇంగ్లండులో ఎయిర్ రైఫిల్ శక్తి 12 అడుగు-పౌన్లు (సుమారు 16 జౌళ్ళు), జర్మనీలో 7.5 జౌళ్ళు మించితే అనుమతి పత్రం కావాలి.

== ఇవి కూడా చూడండి ==

* ఎయిర్ రైఫిల్
* కందెన
* డీజిల్ ఇంజను
* ధ్వని వేగం