సైకిలు పుస్తకాలు: లోకయాత్ర నుండి బడిబాట వరకు

సైకిలును గురించి నూట ముప్పై ఏళ్లకు పైగా గ్రంథాలు వెలువడుతున్నాయి. వీటిని స్థూలంగా మూడు తరగతులుగా విభజింపవచ్చును: యాత్రా గ్రంథాలు, నగర రహదారులను గురించిన గ్రంథాలు, స్త్రీలకూ బాలికలకూ సైకిలు వలన కలిగిన మార్పును వివరించే రచనలు. మొదటి తరగతికి ప్రసిద్ధి ఎక్కువ. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మాత్రం మూడవ తరగతి రచనలే అధికంగా ఉపకరిస్తాయి.

యాత్రా గ్రంథాలు

సైకిలుపై భూమిని చుట్టివచ్చిన తొలి యాత్రికుడుగా థామస్ స్టీవెన్స్ ప్రసిద్ధుడు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తునా, వెనుక చక్రం చిన్నదిగానూ ఉండే పాతకాలపు సైకిలుపై ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, సముద్రాలను ఓడలలో దాటుతూ, 1886 డిసెంబరులో జపానులోని యొకోహామా చేరాడు. దారిలో లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ప్రయాణించాడు. ఆయన గ్రంథం ‘అరౌండ్ ద వరల్డ్ ఆన్ ఎ బైసికిల్’ 1887, 1888 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది.

భారతీయులూ ఈ విషయంలో వెనుకబడలేదు. 1923 అక్టోబరులో ఆరుగురు పార్శీ యువకులు బొంబాయి నుండి సైకిళ్లపై లోకయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో స్వస్థలం చేరారు. వారి గ్రంథం ‘విత్ సైక్లిస్ట్స్ అరౌండ్ ద వరల్డ్’కు జవహర్‌లాల్ నెహ్రూ ముందుమాట వ్రాశారు.

ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా ఐరోపా, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా సైకిలుపై ఢిల్లీ చేరింది. ఆ వృత్తాంతమే 1965లో వెలువడిన ‘ఫుల్ టిల్ట్’.

నగర రహదారులు

రెండవ తరగతి గ్రంథాలు సైకిలు తొక్కేవాని ధైర్యాన్ని గాక, దారి భద్రతను చర్చిస్తాయి. నెదర్లాండ్స్‌లో 1971లో రహదారి ప్రమాదాలకు 3,000 మందికి పైగా బలికాగా, వారిలో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధులకెక్కారు. 1973లో చమురు సంక్షోభం కూడా తోడయింది. క్రమంగా ప్రభుత్వం సైకిళ్లకు ప్రత్యేక బాటలు నిర్మించింది. పీట్ జోర్డాన్ వ్రాసిన ‘ఇన్ ద సిటీ ఆఫ్ బైక్స్’ (2013) ఆమ్‌స్టర్‌డామ్ నగరపు సైకిలు చరిత్రను తెలుపుతుంది. జాన్ పుషర్, రాల్ఫ్ బ్యూలర్ సంపాదకత్వంలో వచ్చిన ‘సిటీ సైక్లింగ్’ (2012) వివిధ దేశాల అనుభవాలను పోల్చి చూపుతుంది. ప్రజలు సైకిలు తొక్కాలంటే ఉపన్యాసాలు చాలవనీ, క్షేమమైన దారి కావాలనీ ఈ గ్రంథాల సారాంశం.

స్త్రీలు, బాలికలు

అమెరికా సంఘ సంస్కర్త ఫ్రాన్సెస్ విల్లర్డ్ 53వ ఏట సైకిలు నేర్చుకొని, ఆ అనుభవాన్ని 1895లో ‘ఎ వీల్ వితిన్ ఎ వీల్’ అనే చిన్న పుస్తకంగా ప్రకటించింది. దాదాపు నూరేళ్లకు అదే కథ తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో వేలాది గ్రామీణ స్త్రీల కథ అయింది. 1990ల ఆరంభంలో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. పొలానికి, సంతకు, మంచినీటికి పోవడానికి స్త్రీలు మరొకరిపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది. పి. సాయినాథ్ తన ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ (1996) గ్రంథంలో ఈ ఉద్యమాన్ని వర్ణించారు. ఒడిశాలోని బరంపురంలో జన్మించిన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరికి సాయినాథ్ మనుమడు.

బడిబాట విషయంలో లెక్కలతో కూడిన ఆధారమూ ఉన్నది. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి ధనసహాయం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ దీనిని పరిశీలించి 2017లో ప్రకటించిన పరిశోధనా వ్యాసం ప్రకారం, ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్య వ్యత్యాసం 40 శాతం తగ్గింది. బడి 3 కిలోమీటర్లు, అంతకుమించి దూరమున్న గ్రామాలలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా ప్రభుత్వాలు కూడా వేర్వేరు కాలాలలో విద్యార్థులకు సైకిలు పథకాలు అమలు జరిపాయి.

ఏది చదవాలి?

పైన పేర్కొన్నవన్నీ ఆంగ్ల రచనలు. ఉన్నత తరగతుల పిల్లలకు మర్ఫీ యాత్రాగ్రంథం ఆసక్తి కలిగిస్తుంది. ఉపాధ్యాయులు సాయినాథ్ రచనను చదివి, పిల్లలకూ తల్లులకూ తెలుగులో చెప్పవచ్చును. పంచాయతీ పెద్దలకు నగర గ్రంథాలలోని ఒక్క విషయం చాలు: పిల్లలకు సైకిలు ఇవ్వడం సగం పని, వారు తొక్కే దారిని క్షేమంగా ఉంచడం మిగిలిన సగం. తమ భాషలో చదువు చెప్పే ఉన్నత పాఠశాల ఊరిలో లేని కుటుంబానికి, ఆడపిల్ల చదువు ఏడవ తరగతితో ఆగుతుందా, పదవ తరగతి దాటుతుందా అన్నది చాలాసార్లు ఆ నాలుగైదు కిలోమీటర్ల మీదనే ఆధారపడి ఉంటుంది.