సామర్థ్య ప్రమాణాల మార్పిడి

సామర్థ్యం అంటే పని జరిగే రేటు. దీని అంతర్జాతీయ ప్రమాణం వాట్: సెకనుకు ఒక జౌలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకు మాత్రం మోటారు లెక్క హెచ్‌పీ (హార్స్‌పవర్)లోనే. వ్యవసాయ ఉచిత విద్యుత్తుకు 2020లో ప్రకటించిన నగదు బదిలీకి శ్రీకాకుళం జిల్లానే ప్రయోగ క్షేత్రంగా ఎంచుకుని పంపుసెట్లకు మీటర్లు బిగించారు. అప్పుడు హెచ్‌పీ పక్కకు యూనిట్లూ వచ్చి చేరాయి.

1 హెచ్‌పీ సుమారు 746 వాట్లు. 5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. చిక్కంతా ఆ తర్వాతే. మోటారు ప్లేటుపై రాసేది ఇరుసు దగ్గర అందే సామర్థ్యం, లైను నుంచి లాగేది కాదు. దక్షత 80 శాతమైతే లాగేది దాదాపు 4.66 కిలోవాట్లు. గంటసేపు నడిస్తే 4.66 యూనిట్లు. యూనిట్ (కిలోవాట్-గంట) శక్తికి కొలత, సామర్థ్యానికి కాదు. ఈ తేడా చదువుకున్నవాళ్లూ తరచు మరిచిపోతారు.

ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏను (కిలోవోల్ట్-ఆంపియర్లను) పవర్ ఫ్యాక్టరుతో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే 25 కేవీఏ అంటే 20 కిలోవాట్లే. అలాంటి 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు సరిపోతాయి. ఐదోది వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌పై అధిక భారమే.

మెట్రిక్ హెచ్‌పీ 735.5 వాట్లు. ఏసీ టన్ను 3.517 కిలోవాట్లు, అయితే అది గది నుంచి తీసే వేడి లెక్క, కరెంటు వాడకం కాదు.