వంద డాలర్ల పద్దు

కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణంగా సముద్రం ఒడ్డున హాఫ్ మూన్ బే అనే చిన్న ఊరుంది. చుట్టూ పొలాలు. గుమ్మడికాయలకి పేరు. ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళు అక్టోబరులో పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగే ఊరు అంటే చాలామందికి గుర్తొస్తుంది.

2023 జనవరి 23, సోమవారం మధ్యాహ్నం ఆ ఊళ్ళో పుట్టగొడుగులు పెంచే రెండు ఫారాల్లో కాల్పులు జరిగాయి. కాలిఫోర్నియా టెర్రా గార్డెన్‌లో నలుగురు, అక్కడికి కొద్ది దూరంలోని కాంకర్డ్ ఫార్మ్స్‌లో ముగ్గురు చనిపోయారు. ఒకరు గాయపడ్డారు. నిందితుడు 66 ఏళ్ళ కార్మికుడు. మొదటి ఫారంలో పనిచేస్తున్నవాడు, రెండో దానిలో ఇదివరకు పనిచేసినవాడు. రెండు గంటల తర్వాత షెరీఫ్ ఉపకేంద్రం ఆవరణలో తన కారులోనే కూర్చుని దొరికాడు.

అంతకు రెండు రోజుల ముందే అదే రాష్ట్రంలోని మాంటెరీ పార్క్‌లో ఒక డాన్సు హాల్లో 72 ఏళ్ళ ఆసియా సంతతి వ్యక్తి 11 మందిని కాల్చి చంపాడు. చైనీయుల కొత్త సంవత్సరం జనవరి 22న. రెండు ఘటనల్నీ పక్కపక్కన పెట్టి జాతి, వయసు, పండగ అంటూ ఏదో సూత్రం లాగబోయినవాళ్ళున్నారు. తేదీలు దగ్గరపడితే కారణం దొరికినట్టేనని నమ్మే అలవాటు జాతకాలు చూసేవాళ్ళకే పరిమితం కాదు.

ప్రాసిక్యూటర్ చెప్పిన కథ వేరు. నిందితుడి ఫోర్క్‌లిఫ్ట్‌కీ సహోద్యోగి బుల్డోజర్‌కీ ఢీ అయింది. మరమ్మతుకి వంద డాలర్లు కట్టమని సూపర్‌వైజర్ అడిగాడు. తప్పు నాది కాదు, అవతలివాడిది అని ఇతను అన్నాడు. ఆ ఇద్దరూ మృతుల్లో ఉన్నారు.

రక్షణశాఖ లెక్కల్లో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కనుక నా పెన్సిలు ఈ వంద దగ్గరే ఆగింది. మా దగ్గర సామాను పాడైతే ముందు విచారణ, బాధ్యత తేల్చడం, ఆ తర్వాతే జీతంలోంచి వసూలు. కాలిఫోర్నియా వేతన ఉత్తర్వులు ఇంకా కఠినం. మోసమో, కావాలని చేసిందో, ఘోరమైన నిర్లక్ష్యమో అయితే తప్ప, విరిగిన పరికరం ఖర్చు కార్మికుడి దగ్గర రాబట్టకూడదు. అంటే మామూలు ప్రమాదానికి ఆ వంద అడిగి ఉంటే ఆడిట్ అభ్యంతరానికి నిలిచే పద్దు అది. కానీ ఆడిట్ అభ్యంతరం ఏడుగుర్ని చంపదు.

తర్వాత కార్మికుల బతుకులు బయటపడ్డాయి. ఓడల్లో సరుకు పంపే కంటైనర్లలో ఉంటున్నారని, గంటకి 9 డాలర్లు వస్తున్నాయని గవర్నర్ న్యూసమ్ అన్నాడు. అప్పటికి రాష్ట్రంలో కనీస వేతనం 15.50. తాము 16.50కి తక్కువ ఇవ్వడం లేదని టెర్రా గార్డెన్ చెప్పింది. కార్మికుల్ని అక్కడ ఉంచడానికి అనుమతులే లేవని కౌంటీ తేల్చింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు తొందరపడతారు. దోపిడీయే తుపాకీ పట్టించిందంటారు. చచ్చిపోయినవాళ్ళూ కూలీలే కదా! అదే పనిచేసిన మిగతావాళ్ళెవరూ తుపాకీ ఎత్తలేదు కదా! కొంపల దుస్థితి ఒక పద్దు, హత్యలు ఇంకో పద్దు. ఒకదాన్ని ఇంకోదాని కింద రాస్తే రెండు ఖాతాలూ తప్పుతాయి. హత్యలు జరగకపోయినా ఆ కంటైనర్లు నేరమే.

నాకు ముఖ్యమనిపించినవి ముందే కాగితం మీదికెక్కిన రెండు విషయాలు. 2013లో ఇదే వ్యక్తి తనని చంపుతానని బెదిరించాడనీ, దిండుతో ఊపిరాడకుండా చెయ్యబోయాడనీ అప్పట్లో అతనితో పనిచేస్తూ ఒకే గదిలో ఉన్న వ్యక్తి కోర్టుకెక్కాడు. దగ్గరికి రాకూడదని కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది, అదే ఏడు గడువు తీరిపోయింది. దాని వల్ల తర్వాత పిస్తోలు కొనడానికి అడ్డు లేకపోయింది. చట్టప్రకారమే కొన్నాడు. రెండోది, 2022 జులైలో అదే టెర్రా గార్డెన్‌లో ఇంకో ఉద్యోగి సహోద్యోగి ఉండే ట్రెయిలర్ మీదికి కాల్పులు జరిపాడన్న కేసు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దెబ్బ తగలని ఘటనని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మన దగ్గరా అంతే.

2023 జూన్‌లో రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం రెండు ఫారాలకీ కలిపి లక్షా 65 వేల డాలర్లకి పైగా జరిమానాలు ప్రతిపాదించింది. కాల్పులు జరిగితే కార్మికుల్ని వెంటనే హెచ్చరించే ఏర్పాటు లేకపోవడం అందులో ఒక లోపం.

2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో యజమానులు పనిచోట హింసని అరికట్టే ప్రణాళిక రాసిపెట్టుకోవాలి. బెదిరింపులూ దాడులూ రిజిస్టరులో ఎక్కించి ఐదేళ్ళు భద్రపరచాలి. ఈ చట్టానికి మూలం హాఫ్ మూన్ బే కాదు, 2021లో శాన్ హోసే రైలు యార్డులో తొమ్మిదిమంది హత్య. అయినా ట్రెయిలర్ కాల్పుల్లాంటివి ఇప్పుడైతే ఆ రిజిస్టరుకి ఎక్కాలి. పదిమంది కంటే తక్కువ పనిచేస్తూ, బయటి జనం రాని చోట్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. చిన్న చిన్న ఫారాలు చాలావరకు అలాంటివే.