మంచు మీద హిసాబ్

మోషన్ సెన్సర్ చిప్ పుట్టింది మంచు ఆటల కోసం కాదు జనాబ్! 1990ల్లో కార్లలో గుద్దుకున్న క్షణాన్ని పసిగట్టి ఎయిర్‌బ్యాగ్ తెరిపించడం దాని నౌకరీ. చిన్నదై, చౌకై అది ఆటగాళ్ల షౌక్ దాకా చేరింది. 2016 జనవరిలో అమెరికాలోని ఆస్పెన్‌లో జరిగిన ఎక్స్ గేమ్స్‌లో ఇంటెల్ తన క్యూరీ చిప్పుల్ని స్నోబోర్డులకు బిగించింది. ఎంత ఎత్తు ఎగిరారు, గాలిలో ఎన్ని చుట్లు తిరిగారు, అంతా టీవీ మీద హిసాబ్. మార్కుల ఫైసలా మాత్రం జడ్జీలదే. మరుసటి ఏడే ఇంటెల్ ఆ చిప్‌కు స్వస్తి చెప్పింది.

నిలబడింది ఇంకో దారి. 2015 డిసెంబర్‌లో ఇటలీలోని వాల్ గార్డెనా రేసులో ఆస్ట్రియా స్కీయర్ మథియాస్ మాయర్ పడిపోయాడు. పట్టు తప్పిందని సెన్సర్లు గుర్తించాయి, ఒంటి మీది ఎయిర్‌బ్యాగ్ ఉబ్బింది. వెన్నుపూసలు విరిగినా 2018లో మళ్లీ ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2024-25 సీజన్ నుంచి ప్రపంచ కప్ స్పీడ్ రేసుల్లో ఎయిర్‌బ్యాగ్ లాజ్మీ. సెన్సర్ తన పాత నౌకరీకే వాపసొచ్చింది: జాన్ హిఫాజత్.